నర్సింగ్, అనుబంధ ఆరోగ్య డిగ్రీలు: ఖర్చుకు తగిన రాబడి ఉందా? అప్పు ఎంతవరకు చేయవచ్చు?

ఇంటర్మీడియెట్‌లో బైపీసీ చదివి, నీట్‌లో ఎంబీబీఎస్ సీటుకు చాలినంత ర్యాంకు రాని విద్యార్థుల ఇళ్లలో ఏటా ఒకే చర్చ సాగుతుంది. మరో ఏడాది నీట్‌కు కూర్చోవడమా, లేక బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ వంటి కోర్సులో చేరడమా అన్నది అందులో మొదటి ప్రశ్న. దాని వెనుకనే డబ్బు ప్రశ్న వస్తుంది. నాలుగేళ్ల చదువుకు పెట్టే సొమ్ము తిరిగి వస్తుందా? వస్తే ఎన్నాళ్లకు?

ఈ ప్రశ్నకు సమాధానం కోర్సు పేరును బట్టి మాత్రమే మారదు. సీటు ఏ కోటాలో వచ్చింది, దానికోసం ఎంత అప్పు చేశారు, చదువు ముగిశాక చేతికందే మొదటి జీతం ఎంత అన్న మూడు అంశాలే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఒకే కళాశాలలో, ఒకే బెంచీపై కూర్చుని చదివిన ఇద్దరు విద్యార్థినులలో ఒకరికి ఆ డిగ్రీ ఇంటికి ఆసరా కావచ్చు, మరొకరికి పదేళ్ల భారం కావచ్చు.

చట్టం దృష్టిలో ఈ కోర్సులు

ఆరోగ్య శాస్త్రాల డిగ్రీలన్నీ ఒకే గొడుగు కింద లేవు. నర్సింగ్ విద్యను 1947 నాటి చట్టం ద్వారా ఏర్పడిన భారతీయ నర్సింగ్ మండలి పర్యవేక్షిస్తూ వచ్చింది. దాని స్థానంలో జాతీయ కమిషన్‌ను ఏర్పాటు చేసే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, రేడియాలజీ, ఆప్టోమెట్రీ, డయాలసిస్ వంటి వృత్తులకు 2021 వరకు దేశవ్యాప్తమైన నియంత్రణ సంస్థ లేదు. ఆ ఏడాది వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ లోటును తీర్చేందుకు ఉద్దేశించినది.

బీఎస్సీ నర్సింగ్ కాలవ్యవధి నాలుగేళ్లు. 2021-22 విద్యాసంవత్సరం నుంచి దానిని ఎనిమిది సెమిస్టర్లుగా బోధిస్తున్నారు. ఫిజియోథెరపీ డిగ్రీకి ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ కోర్సుల నిర్వహణ చూస్తున్నాయి.

ఖర్చు ఫీజుతో ముగియదు

చాలా కుటుంబాలు కళాశాల చెప్పిన వార్షిక ఫీజును నాలుగుతో హెచ్చించి, అదే మొత్తం ఖర్చు అనుకుంటాయి. వాస్తవంలో ఫీజు ఒక భాగమే. హాస్టలు, భోజనం, యూనిఫారాలు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, క్లినికల్ పోస్టింగులకు ఆసుపత్రికి వెళ్లివచ్చే రవాణా, చివరన రాష్ట్ర నర్సింగ్ మండలిలో రిజిస్ట్రేషన్ వంటివన్నీ దానికి తోడవుతాయి. కన్వీనర్ కోటాలో సీటు పొంది, ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హత ఉన్న విద్యార్థికి సైతం ఈ పైఖర్చులు తప్పవు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారు ఫీజునూ, పైఖర్చులనూ రెండింటినీ సొంతంగానే భరించాలి.

లెక్కలో అరుదుగా చేరే ఖర్చు ఇంకొకటి ఉంది. అది చదువుతున్న కాలంలో సంపాదన లేకపోవడం. జీఎన్ఎం డిప్లొమా మూడేళ్లలో పూర్తవుతుంది. అంటే డిప్లొమా చదివిన విద్యార్థిని డిగ్రీ విద్యార్థిని కంటే ఏడాది ముందే జీతం అందుకుంటుంది. ఆ ఏడాది జీతం కూడా డిగ్రీ ఖర్చులో భాగమే.

విద్యారుణం నిబంధనలు

ప్రభుత్వరంగ బ్యాంకులు అనుసరించే ఆదర్శ విద్యారుణ పథకం ప్రకారం రూ. 4 లక్షల వరకు రుణానికి ఆస్తి తనఖా అవసరం లేదు. రూ. 4 లక్షలు దాటి రూ. 7.5 లక్షల వరకు మూడో వ్యక్తి పూచీకత్తును బ్యాంకు కోరవచ్చు. అంతకు మించితే ఇల్లో, పొలమో, డిపాజిట్టో హామీగా చూపాలి. రూ. 4 లక్షలు దాటిన రుణంలో దేశీయ చదువులకు 5 శాతం విద్యార్థి వాటాగా పెట్టుకోవాలి. చదువు కాలానికి మరో ఏడాది కలిపి వాయిదాల చెల్లింపునకు విరామం ఉంటుంది. ఆ తర్వాత గరిష్ఠంగా 15 ఏళ్లలో తీర్చవచ్చు.

విరామం వాయిదాలకే తప్ప వడ్డీకి కాదు. రుణం చేతికందిన రోజు నుంచే వడ్డీ లెక్కలోకి వస్తుంది. ఈ సూక్ష్మాన్ని గమనించని కుటుంబాలు ఐదేళ్ల తర్వాత బ్యాంకు చూపించే మొత్తాన్ని చూసి నివ్వెరపోతాయి.

వడ్డీ భారాన్ని తగ్గించే పథకాలు ఉన్నాయి. వార్షిక కుటుంబ ఆదాయం రూ. 4.5 లక్షల లోపు ఉన్నవారికి, గుర్తింపు పొందిన సంస్థలలో వృత్తి విద్య చదివితే, విరామ కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద రూ. 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల విద్యార్థులకు రూ. 10 లక్షల వరకు రుణంపై విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. అయితే ఇది జాతీయ ర్యాంకింగుల ఆధారంగా ఎంపికచేసిన సంస్థలకే వర్తిస్తుంది. ప్రకటన సమయంలో వాటి సంఖ్య 860. చేరబోయే కళాశాల ఆ జాబితాలో ఉన్నదీ లేనిదీ ప్రవేశానికి ముందే తెలుసుకోవాలి. పాత ఆదాయపు పన్ను విధానంలో కొనసాగేవారికి విద్యారుణ వడ్డీపై ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు దొరుకుతుంది. మొదటి జీతమే పన్ను పరిధిలోకి రాని నర్సుకు దీనివల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

రెండు రుణాలు, రెండు ఫలితాలు

ఒక విద్యార్థిని ఏటా రూ. లక్ష చొప్పున నాలుగేళ్లలో రూ. 4 లక్షల రుణం తీసుకున్నదని, వడ్డీ ఏడాదికి 10 శాతమని, ఆమెకు ఏ రాయితీ రాలేదని అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. నాలుగేళ్ల చదువు, ఏడాది విరామం ముగిసేసరికి సాధారణ వడ్డీయే రూ. 1.40 లక్షలు పేరుకుంటుంది. తీర్చవలసిన మొత్తం రూ. 5.40 లక్షలవుతుంది. దీనిని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు రూ. 7,140 కట్టాలి. పదిహేనేళ్లకు పొడిగిస్తే వాయిదా రూ. 5,800కు తగ్గుతుంది గానీ, చెల్లించే మొత్తం సుమారు రూ. 8.6 లక్షల నుంచి రూ. 10.4 లక్షలకు పెరుగుతుంది.

మేనేజ్‌మెంట్ సీటు కోసం మరో విద్యార్థిని ఏటా రూ. 2 లక్షల చొప్పున రూ. 8 లక్షలు అప్పు చేస్తే, ఐదేళ్ల తర్వాత ఆమె బాకీ రూ. 10.80 లక్షలు. పదేళ్ల గడువుకు నెల వాయిదా సుమారు రూ. 14,270. పదిహేనేళ్లకైనా రూ. 11,600 తప్పదు. పైగా ఈ రుణానికి ఇంటిదో, పొలానిదో పత్రం బ్యాంకులో ఉంటుంది.

ఇప్పుడు ఇద్దరికీ పట్టణంలోని ప్రైవేటు ఆసుపత్రిలో నెలకు రూ. 20,000 జీతంతో ఉద్యోగం దొరికిందని, గది అద్దెకు, తిండికి, రాకపోకలకు రూ. 10,000 ఖర్చవుతుందని అనుకుంటే, మొదటి యువతి వాయిదా కట్టాక ఇంటికి పంపేందుకు మూడు వేల లోపే మిగులుతుంది. రెండో యువతికి వాయిదా కట్టేందుకే డబ్బు చాలదు. ఆ లోటును తల్లిదండ్రులు పూడ్చాలి. చదువు, శ్రమ, వృత్తి నైపుణ్యం ఇద్దరివీ సమానమే అయినా, అప్పు పరిమాణం వారి జీవితాలను వేరుచేస్తుంది.

చదువుతున్న కాలంలోనే వడ్డీ కట్టగలిగితే పరిస్థితి మెరుగుపడుతుంది. పై మొదటి ఉదాహరణలో తొలి ఏడాది నెలకు సుమారు రూ. 830తో మొదలై, నాలుగో ఏటికి రూ. 3,330కి చేరే వడ్డీని ఎప్పటికప్పుడు చెల్లిస్తే, ఉద్యోగం వచ్చాక పదేళ్ల వాయిదా రూ. 5,290కి దిగుతుంది.

జీతం: ఒకే వృత్తిలో మూడు మెట్లు

నర్సింగ్ పట్టభద్రుల జీతాలు మూడు మెట్లుగా ఉంటాయి. పై మెట్టు కేంద్ర ప్రభుత్వ సంస్థలది. ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసరుకు ఏడో వేతన సంఘం ప్రకారం ఏడో స్థాయి వర్తిస్తుంది. ప్రారంభ మూలవేతనం రూ. 44,900. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, నర్సింగ్ భత్యం దీనికి అదనం. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు సహా ఈ నియామకాలు నార్సెట్ అనే ఉమ్మడి అర్హత పరీక్ష ద్వారా జరుగుతాయి. ఎయిమ్స్ పోస్టులలో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు కేటాయించారు. నర్సింగ్‌లో చేరాలనుకునే అబ్బాయిలు తమ లెక్కలో ఈ నిష్పత్తిని విస్మరించరాదు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలూ ఈ మెట్టుకు దగ్గరలోనే ఉన్నాయి. తెలంగాణ 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఇచ్చిన ప్రకటనలో వేతన శ్రేణి రూ. 36,750 నుంచి రూ. 1,06,990. ఎంపికలో రాతపరీక్షకు 80 పాయింట్లు, ప్రభుత్వ ఆసుపత్రులలో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు గరిష్ఠంగా 20 పాయింట్లు కేటాయించారు. చదువు ముగించి వెంటనే పరీక్ష రాసినవారికి ఆ 20 పాయింట్లు ఉండవు.

నడిమి మెట్టు కాంట్రాక్టు కొలువులది. ఆరోగ్య ఉపకేంద్రాలలో పనిచేసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లకు జాతీయ మార్గదర్శకాల ప్రకారం నెలకు రూ. 25,000 వేతనం, పనితీరును బట్టి రూ. 15,000 వరకు ప్రోత్సాహకం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ ఆరోగ్య కేంద్రాలను నడిపే మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు ఈ కోవకు చెందినవారే. ఇక్కడ డిగ్రీకి విలువ ఉంది. అయితే ఉద్యోగ భద్రత పూర్తికాలపు ఉద్యోగాలతో సమానం కాదు.

కింది మెట్టు ప్రైవేటు ఆసుపత్రులది. ప్రభుత్వ కొలువు దొరకని కొత్త పట్టభద్రులు తొలి అడుగు వేసేది ఇక్కడే. ఈ రంగంలో నర్సుల జీతాల దుస్థితిపై వచ్చిన వ్యాజ్యంలో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు నిపుణుల కమిటీని నియమించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ సిఫారసుల ప్రకారం 200కు పైగా పడకలున్న ఆసుపత్రులలో నర్సుల జీతం రాష్ట్ర ప్రభుత్వ నర్సుల జీతంతో సమానంగా ఉండాలి. 100 నుంచి 200 పడకలుంటే 10 శాతానికి మించి, 50 నుంచి 100 పడకలుంటే 25 శాతానికి మించి తగ్గరాదు. 50 పడకల లోపు ఆసుపత్రిలోనూ నెలకు రూ. 20,000 కన్నా తక్కువ ఇవ్వరాదు.

సిఫారసు దానంతట అదే చట్టం కాదు. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. నర్సుల సుదీర్ఘ ఆందోళన తర్వాత కేరళ 2018లో పడకల సంఖ్యను బట్టి రూ. 20,000 నుంచి రూ. 30,000 వరకు కనీస మూలవేతనాన్ని నిర్దేశిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అందువల్ల ఒక పట్టణంలో అసలు ఎంత జీతం వస్తున్నదో అక్కడ ఇటీవల చేరిన నర్సులను అడిగి తెలుసుకోవడం కంటే మెరుగైన మార్గం లేదు.

ఇతర డిగ్రీల పరిస్థితి

ఆరోగ్య డిగ్రీలన్నింటికీ ఉద్యోగావకాశాలు సమానంగా ఉండవు. రైల్వే నియామక మండళ్లు 2024లో 1,376 పారామెడికల్ పోస్టులకు ఇచ్చిన ప్రకటన దీనికి మంచి నిదర్శనం. అందులో సగానికి పైగా, అంటే 713 పోస్టులు నర్సింగ్ సూపరింటెండెంట్లవి. వాటికి మూలవేతనం రూ. 44,900. ఫిజియోథెరపిస్టు పోస్టులు 20 మాత్రమే, మూలవేతనం రూ. 35,400. డయాలసిస్ టెక్నీషియన్ పోస్టులూ 20, జీతమూ అంతే. రేడియోగ్రాఫర్ పోస్టులు 64, మూలవేతనం రూ. 29,200. ఆప్టోమెట్రిస్టు పోస్టులు నాలుగే, మూలవేతనం రూ. 25,500.

ఒక్క ప్రకటనతో మొత్తం రంగాన్ని తూచలేము గానీ, ఇందులో రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది, ప్రభుత్వ కొలువే లక్ష్యమైతే నర్సింగ్‌కు ఉన్నన్ని ఖాళీలు ఇతర కోర్సులకు లేవు. రెండోది, ఎక్స్‌రే, ల్యాబ్ వంటి విభాగాలలో అనేక పోస్టులకు డిప్లొమా కూడా సరిపోతుంది. అటువంటి చోట డిగ్రీకి పెట్టిన అదనపు డబ్బు తొలి జీతంలో కనిపించదు.

ఫిజియోథెరపీది వేరే దారి. దానిలో రాబడి ఎక్కువగా సొంత ప్రాక్టీసుతో పెరుగుతుంది. పక్షవాతం, కీళ్ల శస్త్రచికిత్సల అనంతరం ఇంటివద్ద సేవలు కోరే కుటుంబాలు పట్టణాలలో ఉన్నాయి. అయితే రోగుల నమ్మకం కుదరడానికి ఏళ్లు పడుతుంది. క్లినిక్ అద్దె, పరికరాల ఖర్చు ముందుగానే పెట్టాలి. విద్యారుణ వాయిదాలు మాత్రం అంతకాలం ఆగవు.

డిప్లొమా చాలదా?

తెలంగాణ, రైల్వే ప్రకటనలు రెండింటిలోనూ నర్సింగ్ పోస్టులకు జీఎన్ఎం చదివినవారూ అర్హులే. ఒకసారి ఎంపికైతే జీతంలో తేడా ఉండదు. అలాంటప్పుడు డిగ్రీకి అదనంగా దక్కేదేమిటన్న సందేహం సహజం.

తేడా కొన్ని స్పష్టమైన చోట్ల ఉంది. నార్సెట్‌కు బీఎస్సీ చదివినవారు అనుభవం లేకుండానే అర్హులు. జీఎన్ఎం వారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఎమ్మెస్సీ చదివి నర్సింగ్ కళాశాలలో బోధకులు కావాలంటే డిగ్రీ తప్పనిసరి. విదేశాలలో అర్హతల గుర్తింపు కూడా డిగ్రీతో సులభమవుతుంది. డబ్బు కొరవగా ఉన్న కుటుంబానికి మధ్యేమార్గం ఉంది. ముందు జీఎన్ఎం పూర్తిచేసి, సంపాదన మొదలైన తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవవచ్చు. కాలం ఎక్కువ పడుతుంది, అప్పు తక్కువ అవుతుంది.

విదేశీ జీతం: ఆశ, షరతులు

మేనేజ్‌మెంట్ సీటు తీసుకునే కుటుంబాలలో చాలామంది లెక్క విదేశీ ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది. అవకాశం నిజమే. కానీ అది డిగ్రీ చేతికందిన మరుసటి నెలలో రాదు. గల్ఫ్ దేశాలు సాధారణంగా పని అనుభవం, లైసెన్సు పరీక్ష, ధ్రువపత్రాల పరిశీలన కోరతాయి. బ్రిటన్‌కు ఆంగ్ల భాషా పరీక్షతో పాటు కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్లాక ప్రయోగ పరీక్ష ఉంటాయి. జర్మనీలో పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు పొందాలంటే జర్మన్ భాషలో సాధారణంగా బీ2 స్థాయి అవసరం. ఆ భాషకే నెలల తరబడి శిక్షణ కావాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష నెగ్గినా, భారతీయులకు ఉద్యోగాధారిత శాశ్వత నివాస వీసా కోసం వేచి ఉండే కాలం దశాబ్దాన్ని మించింది.

దళారుల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. రిజిస్టరైన నియామక సంస్థ అభ్యర్థి నుంచి సేవా రుసుముగా రూ. 30,000కు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయరాదు. వలస అనుమతి అవసరమైన 18 దేశాలకు నర్సుల నియామకం ఈ-మైగ్రేట్ వ్యవస్థ ద్వారా జరగాలని కేంద్రం 2015లో ఆదేశించింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు విదేశీ నియామకాలు చేపడుతున్నాయి. లక్షలు అడిగే దళారిని ఆశ్రయించేముందు ఈ సంస్థలలో విచారించడం శ్రేయస్కరం.

చేరేముందు చూసుకోవలసినవి

కళాశాలకు నర్సింగ్ మండలి, రాష్ట్ర మండలి, విశ్వవిద్యాలయం అనుమతులు ప్రస్తుత సంవత్సరానికి ఉన్నాయా అన్నది మొదటి పరిశీలన. రిజిస్ట్రేషన్ రాని డిగ్రీతో నర్సుగా పనిచేయడం సాధ్యం కాదు. రెండోది, కళాశాలకు సొంత ఆసుపత్రి ఉందా, అందులో రోగులు నిజంగా ఉన్నారా అన్నది. ఖాళీ పడకల మధ్య నేర్చిన నర్సింగ్ ఉద్యోగంలో చేరిన తొలి వారంలోనే బయటపడుతుంది. మూడోది, నాలుగేళ్ల మొత్తం ఖర్చును, అన్ని రుసుములతో సహా, రాతపూర్వకంగా తీసుకోవాలి. నాలుగోది, గత రెండు మూడేళ్లలో చదివి వెళ్లినవారు ఎక్కడ, ఎంత జీతానికి పనిచేస్తున్నారో వారినే అడగాలి.

ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. నిర్ణీత కాలం పనిచేయాలన్న బాండు మీద సంతకం అడిగినా, అసలు ధ్రువపత్రాలు అప్పగించమన్నా వెంటనే ఒప్పుకోరాదు. ధ్రువపత్రాలు ఆసుపత్రి బీరువాలో ఉంటే, ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైనా, విదేశీ అవకాశం వచ్చినా కదలలేని స్థితి ఏర్పడుతుంది.

అప్పుకు హద్దు

అప్పు ఎంతవరకు సురక్షితమో తేల్చుకోవడానికి ఒక సరళమైన కొలత ఉంది. నెల వాయిదా మొదటి జీతంలో నాలుగో వంతుకు మించకూడదు. ఆ జీతం ఎయిమ్స్‌దో, దుబాయిదో కాక, ఏ ఎంపికా దక్కకపోయినా దగ్గరి పట్టణంలో తప్పక దొరికే జీతం కావాలి. అది రూ. 20,000 అయితే వాయిదా రూ. 5,000 దాటరాదు. 10 శాతం వడ్డీకి, పదేళ్ల గడువుకు చూస్తే చదువు కోసం తీసుకునే అసలు సుమారు రూ. 2.8 లక్షల వద్ద ఆగాలి. వడ్డీని చదువుకాలంలోనే కట్టగలిగితే, లేదా వడ్డీ రాయితీ లభిస్తే, హద్దు సుమారు రూ. 3.8 లక్షలకు పెరుగుతుంది. రెండు సందర్భాలలోనూ అది తనఖా అవసరంలేని రూ. 4 లక్షల పరిమితిలోనే ఉంటుంది. అంటే ఇంటి పత్రాలు బ్యాంకుకు వెళ్లవలసిన అవసరం రాదు.

కన్వీనర్ కోటా సీటు, పరిమితమైన రుణం ఉన్న విద్యార్థికి బీఎస్సీ నర్సింగ్ నేటికీ ఖర్చుకు తగిన డిగ్రీయే. ప్రభుత్వ కొలువు వస్తే తొలి కొన్నేళ్లలోనే పెట్టుబడి తిరిగి వస్తుంది, రాకపోయినా కుటుంబం కుంగదు. ఆ కొలువు వస్తుందన్న నమ్మకం మీదనే పొలం తనఖా పెట్టి సీటు కొనే కుటుంబం మాత్రం ఇంకా రాయని పరీక్షలో ఉత్తీర్ణతను ముందే ఖర్చు పెడుతున్నట్టు లెక్క. అటువంటి చోట మరో విడత కౌన్సెలింగుకు ఆగడమో, జీఎన్ఎం మార్గాన్ని ఎంచుకోవడమో వృత్తిని వదులుకోవడం కాదు. అదే వృత్తిలోకి తక్కువ అప్పుతో ప్రవేశించడం.